కంకణం లేని చేయి

కర్ణికాపురంలో కంకణోత్సవం అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కోట గుమ్మం నుంచి సప్తగురుపీఠం దాకా రాజవీధి పొడుగునా పట్టుపందిళ్ళు, పందిళ్ళకు ముత్యాల జాలరులు, జాలరుల నడుమ చిరుగాలికి గలగలలాడే పైడిగంటలు. పీఠం నడిమి మంటపంలో పగడపు స్తంభాలు. స్తంభాల మీద వెండి సాలభంజికలు. వాటి చేతుల్లో సాంబ్రాణి పొగలు వెదజల్లే ధూపకలశాలు. ఏడు పులితోళ్ళ మీద ఏడుగురు గురువులు కూర్చున్నారు. ఎదురుగా రత్నసింహాసనం మీద ప్రతాపకేసరి మహారాజు, కిరీటం బరువుకు మెడ కాస్త పక్కకు వాల్చి, చిరునవ్వులు చిందిస్తున్నాడు. ఇంత ఆర్భాటమూ దేనికయ్యా అంటే, ఏడుగురు కుర్రవాళ్ళ మణికట్లకు ఏడు ఎర్రదారాలు కట్టడానికి!

ఆ దారాల సంగతి చెప్పాలి. ఉత్తరాన అగ్నికందకం ఆవల నల్లకోట ఉంది. అందులో ఉల్కాముఖుడనే మాంత్రికుడు ఈ రాజ్యపు యువరాజును చెరబట్టి నేలమాళిగలో పెట్టాడు. వాడి బలమంతా బంధాల్లో ఉంది. కళ్ళతో చూసి కట్టేస్తాడు, నోటితో ఊది కట్టేస్తాడు. ఆ కట్లు తెంచే విమోచన విద్య నేర్పడానికే మహారాజు ఈ పీఠం పెట్టించాడు. ఏటా ఒక్కో గురువూ తన శిష్యులను తన గదిలో, తలుపులు మూసి, తానే పరీక్షిస్తాడు. నెగ్గినవాడు ఒక్కడికి తన చేత్తో కంకణం కడతాడు. గురువు కట్టిన కంకణం ఉన్నవాడికే అగ్నికందకం దారి ఇస్తుంది, లేనివాడు మాడి మసైపోతాడు. అలా ఏటా ఏడుగురు నల్లకోటకు వెళ్తున్నారు. ఇంతవరకు తిరిగొచ్చిన నాథుడు లేడు.

అయినా మహారాజుకు చీకూ చింతా లేదు. ఏటా ఏడు కంకణాలు కడుతున్నారా లేదా? కడుతున్నారు. ఇంకేం, విద్య మూడు పూవులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్నట్టే!

మంటపం చివర, చెప్పులు విడిచే చోట, తప్పినవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో రేచన ఒకడు. అతడి వెనక పునశ్చరణ శాల వాళ్ళు, అంటే ఏళ్ళ తరబడి తప్పుతూ మళ్ళీ మళ్ళీ చదువుతున్నవాళ్ళు. కొందరికి గడ్డాలు నెరిశాయి, ఒకాయనకు పళ్ళు కూడా ఊడాయి. ఈ ఏడు కూడా తాను ఆ శాలలోనే చాప పరుచుకోవాలని తెలిసి రేచన కడుపు రగిలిపోతోంది. రగలదా మరి! పరీక్ష రోజున గురువు శంఖపాలుడు మంత్రించి విసిరిన ఇనుప నాగుపాము అతడి ఒళ్ళంతా చుట్టుకుంటే, కనురెప్ప వాల్చకుండా దాని ముడి పట్టుకుని, తుంచి కాళ్ళ దగ్గర పారేశాడు. గురువు కళ్ళు మూసుకుని, “చాలదు నాయనా. వచ్చే ఏడు చూద్దాం,” అన్నాడు. ఏటా అదే మాట.

“శంఖపాలుల వారి శిష్యుడు, గుండన!” అని కేకపెట్టాడు కంచుకి.

మంటపంలో కిసుక్కుమని నవ్వులు. గుండనకే తన పేరు నమ్మబుద్ధి కాలేదు. అటూ ఇటూ చూసి, తన గుండె మీద తానే వేలు పెట్టుకుని, “నేనా?” అన్నాడు. గుండన మంచివాడు. అంతకన్నా వాడి గురించి చెప్పడానికి పీఠంలో ఎవరి దగ్గరా ఏమీ లేదు. శ్లోకం అప్పజెప్పమంటే గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. దాంతో ఏం చెయ్యాలో అడిగితే మళ్ళీ అదే శ్లోకం చెబుతాడు. రేచనకు జ్వరం వచ్చినప్పుడు రాత్రులు మేలుకుని గంజి తాగించింది వాడే.

కంకణం కట్టించుకుని గుండన పరుగున వచ్చి రేచనను వాటేసుకున్నాడు. “ఒరే రేచనా, మా అమ్మకు కబురంపుతున్నానురా! ఊళ్ళో అందరికీ బెల్లం పంచుతుంది! నువ్వేం బాధపడకు. వచ్చే ఏడు నీకూ వస్తుందిలే.”

రేచన పళ్ళు బిగబట్టి, “వస్తుంది,” అన్నాడు. అతడికి ఒక పక్క ఏడుపు, ఒక పక్క ఒళ్ళుమంట. ఈ అమాయకుడు నల్లకోట గడప దాటాక బతకడు. ఆ ముసలాయనకు కళ్ళు పోయాయా, మతి పోయిందా? అప్పటికప్పుడు నిర్ణయం చేసేసుకున్నాడు. గుండనను వెనక్కు తేవాలి, ప్రాణాలతో. ఆ తర్వాత గురువుగారి మొహం మీద నాలుగు మాటలు అడగాలి.

కంకణధారుల గుర్రాలు బారులు తీరేసరికి కళ్ళెం పట్టి నడిపించే సాహిణి ఒకడు తగ్గాడని గగ్గోలు పుట్టింది. అంతలో ఎక్కడినుంచో పెద్ద తలపాగా, గుర్రపు తోకవెంట్రుకలతో చేసిన బుర్రమీసాలూ పెట్టుకున్న కొత్త సాహిణి వచ్చి గుండన గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. ఆ మీసాలు చూసి గుర్రం సకిలించింది కాని, గుండన మాత్రం గుర్తుపట్టలేదు.

బాకాలు మోగాయి. పూలు కురిశాయి. గుర్రాలు కదిలాయి.

ఊరి పొలిమేర దాటగానే బాకాలు ఆగిపోయాయి. పూలు చల్లినవాళ్ళూ, మిగతా సాహిణులూ ఇళ్ళకు పోయారు. మిట్టమధ్యాహ్నానికి తుమ్మలకోన వచ్చింది. ఆకాశాన్ని కప్పేసిన మానులు, మానుల నుంచి వేలాడే ఊడల్లాంటి తీగలు, తీగల నిండా నెత్తురు రంగు పూలు. పిట్ట కూయదు, ఆకు కదలదు. రేచన ముక్కుకు కుళ్ళిన తేనె వాసన తగిలింది. “దొరా, ఆగండి! గుర్రాలు ఆపండి!” అని అరిచేలోగానే తీగలు బుసకొడుతూ కిందికి దూకాయి.

తీగపిశాచం! గుర్రాలు బెదిరి పడేసిపోయాయి. ఏడుగురు కంకణధారులూ ఏడు మూటల్లాగా చెట్లకు వేలాడారు. మరుక్షణం అందరూ ఒక్కసారిగా విమోచన మంత్రం అందుకున్నారు. ఏడు గొంతులు, ఒక్క అపస్వరం లేదు, ఒక్క అక్షరం జారలేదు. వినడానికి ఎంతో ఇంపుగా ఉంది. తీగలు మాత్రం బిగుసుకుంటూనే ఉన్నాయి.

“ముడి వెతకండి! ముడి!” అని కింద నుంచి గొంతు చించుకున్నాడు రేచన. ఏ బంధానికైనా ఒకచోట ముడి ఉంటుంది. దాన్ని తడిమి పట్టుకుని, దాని మీద వేలుంచి చదివితేనే మంత్రానికి బలం. వేలు లేని మంత్రం వట్టి పాట. విమోచన విద్యలో మొదటి పాఠం అదే. ఒక్కడూ చెయ్యి కదపలేదు. కళ్ళు మూసుకుని చదువుతూనే ఉన్నారు.

ఇక లాభం లేదని రేచన మాను మీదికి ఎగబాకాడు. ఒక తీగ కాలు పట్టింది, ఒకటి మెడ పట్టింది. మెడకు చుట్టుకున్న తీగను వేళ్ళతో తడుముతూ పోతే చెవి వెనక చిన్న బుడిపె, వేడిగా కొట్టుకుంటోంది. దాని మీద బొటనవేలు అదిమి ఒక్క ముక్క చదివాడు. కోనంతా కెవ్వుమంది. తీగలన్నీ తెగిన గాలిపటం దారాల్లా జారిపోయాయి. కంకణధారులు దబదబ కింద పడ్డారు. సాహిణి మీసాలు తీగకు చిక్కుకుని పైనే ఉండిపోయాయి.

“నువ్వా!” అన్నాడు గుండన నడుం పట్టుకుని లేస్తూ.

“నేనే. ముందు అది కాదు. నీ పరీక్షలో గురువుగారు ఏమడిగారురా?”

గుండన ముఖం వికసించింది. “నీ పేరేమిటన్నారు. చెప్పాను. మీ అమ్మ ఎలా ఉందన్నారు. బాగుందన్నాను. సరే, చాలు, వెళ్ళిరా అన్నారు.”

“అంతేనా?”

“అంతే. నాకూ ఆశ్చర్యమేసింది. బాగా చెప్పానేమో అనుకున్నాను.”

మోచెయ్యి దోక్కుపోయి మూలుగుతున్న బొల్లన అనే కుర్రవాడు ఇటు తిరిగాడు. వాడు మరో గురువు శిష్యుడు. “మా గురువుగారు నాచేత పూజకు పూలు కోయించారు. అదే పరీక్ష అన్నారు. మా శాలలో ఆదిత్యుడని ఒకడున్నాడు, గాలిని కూడా కట్టి విప్పుతాడు. వాడు ఏటా తప్పుతాడు పాపం.”

“మా దగ్గరా ఉన్నాడు అలాంటివాడు,” అన్నాడు ఇంకొకడు. “మా దగ్గరా,” అన్నాడు మరొకడు.

పునశ్చరణ శాలలో నెరిసిన గడ్డాలు, ఊడిన పళ్ళు రేచన కళ్ళ ముందు కదిలాయి. వాళ్ళెవరూ తప్పినవాళ్ళు కారు. దాచుకున్నవాళ్ళు. పోతే పోయారనుకున్నవాళ్ళకు కంకణాలు కట్టి పంపుతున్నారు! రాజ్యంలో అన్నిటికన్నా పెద్ద విద్యంతా ఒక శాలలో చాపలు పరుచుకుని పడుకుని ఉంది. ఛీ!

“పదండి వెనక్కి,” అన్నాడు.

కాని వెనక్కు పోవడానికి దారేది? తుమ్మలకోన వచ్చినవాడి వెనక మూసుకుపోతుంది. ముందుకు నడవాల్సి వచ్చింది. పొద్దు వాలకముందే ఎదురుగా ఎర్రటి గోడలా లేచింది అగ్నికందకం. తాటిచెట్టంత మంటలు, మంటల్లోంచి ఉండుండి ఎగిసే నీలిరంగు నాలుకలు, ఆ వెనక కాటుక పూసినట్టు నల్లకోట బురుజులు. వేడికి కనుబొమ్మలు కమురుతున్నాయి.

“ఆగు నాయనా! రేచనా, ఆగు!”

పీఠం పెద్దలకు మాత్రమే తెలిసిన కొండదారిన ఒక కంచరగాడిద రొప్పుకుంటూ దిగుతోంది. దాని మీద గురువు శంఖపాలుడు, ఉత్తరీయం జారి, జుట్టు రేగి. గుండన సంతోషంతో ఎదురు పరిగెత్తాడు. తనను దీవించడానికే గురువుగారు ఇంత దూరం వచ్చారనుకుని కాళ్ళకు మొక్కడానికి వంగాడు. శంఖపాలుడు వాడి పక్కనుంచి గబగబా నడిచొచ్చి రేచన భుజాలు పట్టుకున్నాడు.

“శాలలో నీ చాప ఖాళీగా కనిపించేసరికి నా ప్రాణం పోయిందిరా! పద, పద. ఆ కొండదారిన తీసుకుపోతాను.”

రేచన ఆ చేతులు తీసి పక్కన పెట్టాడు. “నేను ఎందుకు తప్పానో చెప్పండి గురువుగారూ.”

“ఇప్పుడెందుకయ్యా అవన్నీ?”

“ఇప్పుడే కావాలి. వీళ్ళందరి ముందు.”

ముసలాయన జారిన ఉత్తరీయాన్ని భుజం మీదికి లాక్కున్నాడు. “నువ్వు తప్పలేదు. ఏనాడూ తప్పలేదు. నా జన్మలో నీలాంటి శిష్యుడు ఒక్కడు దొరికాడు. నిన్ను కూడా ఈ మంటల్లోకి తోసి నేనేం చూసుకుని బతకను? మిగతా గురువులు తమ మేటివాళ్ళను పంపుతారు కదా, వాళ్ళెవరో గెలుస్తారు, నేనొక్కణ్ణి ఒకణ్ణి దాచుకుంటే కొంప మునగదనుకున్నాను.”

“అందరూ అలాగే అనుకున్నారు,” అన్నాడు రేచన. “చూడండి వీళ్ళను. ఒకడిచేత పూలు కోయించారు. ఒకణ్ణి పేరడిగారు. ఏళ్ళ తరబడి ఏడుగురు పెద్దమనుషులూ తలా ఒకణ్ణి దాచుకున్నారు. అక్కడ మహారాజు దారాలు లెక్కపెట్టుకుని మురిసిపోతున్నాడు.”

శంఖపాలుడు మిగతా గురువులు పంపిన ఆ ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. చూసి, అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

“అయితే నేను తప్పానా గురువుగారూ?” గుండన గొంతు చిన్నగా వచ్చింది.

“లేదు నాయనా.” ఆయన తలెత్తలేదు. “నిన్ను నేను అసలు పరీక్షించనేలేదు. నీ తప్పు ఒక్కనాడూ దిద్దలేదు. చెప్పిందంతా సరే, కూర్చో అన్నాను.”

బొల్లన నేల మీద చతికిలబడి బావురుమన్నాడు. మిగిలినవాళ్ళు మంటల నుంచి వెనక్కు జరిగారు. గుండన ఒక్కడే కదల్లేదు. వాడి మొహం కందగడ్డలా అయింది.

“అబద్ధం! వాడికి కంకణం రాలేదని ఏడుపు. వాడి మీద ప్రేమకొద్దీ మీరూ వంత పాడుతున్నారు.”

“ఒరే గుండా, తీగ పట్టినప్పుడు చూశావు కదరా...”

“చూశాను! చెట్టుకు వేలాడుతున్నాను కాబట్టి కుదరలేదు. మా అమ్మ ఈపాటికి వాడవాడలా చెప్పేసి ఉంటుందిరా. అందరికీ బెల్లం పెట్టి ఉంటుంది. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను? నన్ను పేరడిగి పంపారని చెప్పనా?” అంటూనే గుండన మంటల వైపు పరుగుతీశాడు.

కంకణం ధగ్గుమని వెలిగింది. మంటలు రెండుగా చీలి, ఒక మనిషి పట్టేంత సందు ఇచ్చాయి. రేచన వెనకా ముందూ చూడలేదు. ఒక్క గెంతులో పోయి గుండన నడుం పట్టుకున్నాడు. సందు ఒక్కడికే కొలిచినట్టుంది. రేచన ఎడమ భుజం నుంచి మోచేతి దాకా మంట నాకేసింది. అతడి అరుపూ, వెనక గురువు అరుపూ కలిసిపోయాయి. ఇద్దరూ ఆవలి గట్టున పడి దొర్లారు. వెనక మంటలు మళ్ళీ కలుసుకున్నాయి.

నల్లకోట వాకిలి బార్లా తెరిచే ఉంది. లోపల విశాలమైన ముంగిలి, నున్నటి నల్లరాతి నేల. నేల నిండా బొమ్మలు. దగ్గరకు పోతే అవి బొమ్మలు కావు. ఏళ్ళుగా వచ్చిన కంకణధారులు! ప్రతివాడి మణికట్టుకూ రాతిదారం. ప్రతివాడూ నోరు తెరిచి, శ్లోకం మధ్యలో రాయయ్యాడు. ఎవడి చెయ్యీ ముడి వైపు పోలేదు. గుండన కోపం చల్లారిపోయింది.

“రండి, రండి!” ముంగిలి చివర గద్దె మీద నుంచి లేచాడు ఉల్కాముఖుడు. ఎర్రటి జడలు, నిప్పుకణికల్లాంటి కళ్ళు, మెడలో ఎముకల పేరు, చేతిలో నల్లని దండం. “మీ పీఠం వాళ్ళంటే నాకెంతో ఇష్టం. ఎంత చక్కగా చదువుతారో! ఒక్క అక్షరం పోనివ్వరు. అరె, ఈ ఏడు ఇద్దరేనా? వీడికి కంకణం కూడా లేదే!”

అని దండం ఊపాడు. రేచన మడమల్లో గడ్డకట్టే చలి పుట్టి పైకి పాకింది. అతడు వంగి, ఎడమ పిక్క తడిమి, సూదిలా గుచ్చుకునే చోట వేలు అదిమి చదివాడు. రాయి పొలుసుల్లా రాలిపోయింది.

ఉల్కాముఖుడు ఒక్క అడుగు వెనక్కు వేశాడు. “కంకణం లేనివాడివి, నీకీ విద్య ఎక్కడిది?”

“కంకణం లేనివాళ్ళకే ఉందయ్యా మా దేశంలో.”

మాంత్రికుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. దండాన్ని గుండన మీదికి ఒక్కసారి విదిల్చి, వెనుతిరిగి లోపలి తలుపుల వైపు పరిగెత్తాడు. “నీ చేతనైతే యువరాజునో, వీణ్ణో ఒకణ్ణి ఎంచుకో! నా రాతిబంధాన్ని పక్కవాడు విప్పలేడు. ఎవడి ముడి వాడే పట్టుకోవాలి! గొంతు దాకా వస్తే ఇక వాడు రాయే!”

తలుపుల ఆవల నేలమాళిగ మెట్లు కనిపిస్తున్నాయి. యువరాజు అక్కడే ఉన్నాడు. నాలుగు అంగల్లో అందుకోవచ్చు. రేచన అడుగు వేయబోయాడు.

వెనక గుండన మంత్రం మొదలుపెట్టాడు. నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి, పీఠంలో అప్పజెప్పినట్టే చెప్పాడు. రాయి వాడి మోకాళ్ళు దాటింది. చివరి అక్షరం దాకా పూర్తిచేసి, కళ్ళు తెరిచి, తన తొడల దాకా పాకిన నల్లరాయిని చూసుకున్నాడు. తర్వాత రేచనను చూశాడు.

“సరిగ్గానే చెప్పానుగా రేచనా?”

సరిగ్గానే చెప్పావు అనడానికి ఎంతసేపు? అందరూ అన్నదే. ఆ మాట విని వాడు హాయిగా పోతాడు. లోపల ఒక తలుపు ధడాలున మూసుకుంది. రేచన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. వెనక్కు తిరిగి వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాడు.

“తప్పు చెప్పావురా గుండా.”

గుండన అతణ్ణి కోపంగా చూశాడు. రాయి నడుం దాకా వచ్చింది.

“అయితే ఎలాగో చెప్పు,” అన్నాడు చివరికి.

“చదవడం ఆపు. కళ్ళు మూసుకోకు. చలి అన్నిటికన్నా ఎక్కడ ఎక్కువ గుచ్చుకుంటోంది?”

“అంతటా గుచ్చుకుంటోంది!”

“అంతటా ఒకేలా గుచ్చుకోదు. తడుము. నేను పట్టుకోకూడదు, నువ్వే పట్టుకోవాలి.”

గుండన రెండు చేతులతో పొట్ట తడుముకున్నాడు, డొక్కలు తడుముకున్నాడు. “ఇక్కడా?”

“అక్కడ మంత్రం చెప్పు, చూద్దాం.”

చెప్పాడు. ఏమీ కాలేదు. లోపల, యువరాజు వైపు పోయే దారిలో, ఇంకొక తలుపు మూసుకుంది. రాయి డొక్కలు ఎక్కి రొమ్మును తాకింది.

“తప్పు,” అన్నాడు రేచన. “మళ్ళీ వెతుకు.”

గుండన ఏడుస్తూనే మళ్ళీ వెతకసాగాడు.